సంక్రాంతికి మంచుకొండల్లో వ్యాన్ ప్రయాణం: అమ్మను కూడా తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. నాకు 41 ఏళ్లు. ఆటోనగర్‌లో ఒక పాత ట్రావెలర్ వ్యాన్ కొని, వెనక సీట్లు తీయించి మంచం, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించాను. ఈ సంక్రాంతి సెలవులకు నేను, మా ఆవిడ, పదకొండేళ్ల మా బాబు, మా అమ్మ నలుగురం అందులోనే మనాలి వెళ్లాలని నా కోరిక. జనవరి 8 సాయంత్రం బయల్దేరి 20 కల్లా తిరిగి రావాలి. అటల్ టన్నెల్ దాటి సిస్సులో రెండు మూడు రాత్రులు వ్యాన్‌లోనే పడుకుని, స్నోషూలు వేసుకుని కొండల్లో నడవాలనుంది. అమ్మకు 66 ఏళ్లు. బీపీ ఉంది, షుగర్‌కు ఇన్సులిన్ తీసుకుంటుంది. బంధువులంతా పిచ్చి పని అంటున్నారు. వెళ్లొచ్చా? వెళితే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

(ఉత్తరం అడుగున వేరే చేతిరాతలో: "వంట సంగతి, బాత్రూం సంగతి ఈయన రాయలేదు. అవి కూడా చెప్పండి.")

జవాబు: వెళ్లొచ్చు. ముందుగా ఆ మాట చెప్పేస్తున్నాను. బంధువుల మాటలకు మీ మనసు అప్పటికే సగం వెనక్కి లాగుతున్నట్టు ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. మావారూ నేనూ చలికాలంలో ఆ కొండలకు నాలుగుసార్లు వెళ్లొచ్చాం. మొదటిసారి వెళ్లినప్పుడు మాకూ ఇవే మాటలు వినిపించాయి. పిల్లాడికి, పెద్దావిడకు మంచు చూపించాలన్న మీ కోరికలో పిచ్చేమీ లేదు. కానీ మీరు వేసుకున్న లెక్కలో ఖాళీ రోజు ఒక్కటీ లేదు. నాకు భయం వేసింది అక్కడే.

విజయవాడ నుంచి ఢిల్లీకి రోడ్డు మీద దాదాపు 1,750 కిలోమీటర్లు. అక్కడి నుంచి మనాలికి ఇంకో 540. సామానుతో నిండిన వ్యాన్‌లో, పెద్దావిడను, పిల్లాడిని కూర్చోబెట్టుకుని రోజుకు 400, 450 కిలోమీటర్లకు మించి తోలకూడదు. జనవరిలో హర్యానా, పంజాబ్ వైపు పొగమంచు పడితే పొద్దున పదింటి దాకా బండి తీయడానికే ఉండదు. అంటే వెళ్లడానికి ఐదారు రోజులు, రావడానికి ఐదారు రోజులు. మీ పన్నెండు రోజులూ రోడ్డుకే సరి. మహా అయితే ఒక రాత్రి మంచులో ఉంటారు, అదీ ఒళ్లు హూనమైపోయాక. ఆ ఒక్క రోజునే మంచు పడి దారి మూసేస్తే? సెలవు అయిపోతోంది, ఇంత దూరం వచ్చాం కదా అని ముందుకు పోతారు. కొండల్లో చాలా ప్రమాదాలు అలాంటి మొండి రోజునే జరుగుతాయి.

అందుకని మీ సొంత వ్యాన్‌ను ఈసారికి ఇంటి దగ్గరే ఉంచండి. బాధగా ఉంటుందని తెలుసు, మీ చేతులతో చేయించుకున్న బండి. కానీ రైలెక్కితే ఒకటిన్నర రోజులో ఢిల్లీలో ఉంటారు. ఏపీ ఎక్స్‌ప్రెస్ మన ఊరి మీదుగానే వెళుతుంది. గన్నవరం నుంచి విమానం దొరికితే ఇంకో రోజు మిగులుతుంది. వ్యాన్‌ను ఢిల్లీలోనో చండీగఢ్‌లోనో అద్దెకు తీసుకోండి. తీసుకునేటప్పుడు ఫొటోలు చూసి మురిసిపోకుండా ఒక్క ప్రశ్న గట్టిగా అడగండి: లోపల డీజిల్ హీటర్ ఉందా? బయటి గాలితో డీజిల్‌ను మండించి, పొగను గొట్టం గుండా బయటికే వదిలి, వేడి గాలిని మాత్రం లోపలికి పంపే హీటర్ అది. గంటకు పావు లీటరు కూడా తాగదు. అది లేని వ్యాన్ మంచులో పడుకోవడానికి పనికిరాదు. ఉందని చెబితే మీ ఎదురుగా ఒక గంట నడిపించి చూపించమనండి. మేము ఒకసారి మాట నమ్మి తీసుకున్నాం. ఆ సంగతి కిందకు వస్తుంది.

మీ వ్యాన్‌కు కూడా పని చెబుతాను. డిసెంబర్‌లో ఒక శని, ఆదివారాలు లంబసింగి వెళ్లి రండి. నర్సీపట్నం మీదుగా 300 కిలోమీటర్ల పైచిలుకు. వెయ్యి మీటర్ల ఎత్తులో మన రాష్ట్రంలో దొరికే చలి అది. నలుగురూ ఒక రాత్రి అందులోనే పడుకోండి. రాత్రి మూడింటికి ఎవరికి మెలకువ వస్తుంది, ఎవరి కాళ్లు చల్లబడతాయి, అమ్మగారు మంచం మీది నుంచి దిగాలంటే ఎవరిని లేపాలి, ఇవన్నీ ఆ ఒక్క రాత్రిలో తెలిసిపోతాయి. సీట్లు తీయించి మార్పులు చేయించారు కాబట్టి ఆ మార్పును ఆర్టీఓ ఆఫీసులో ఆర్‌సీలో కూడా రాయించండి. లేకపోతే రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడతారు.

ఎప్పటికైనా ఆ బండిని మంచులోకి తోలుకెళ్లే ఆలోచన ఉంటే ఇది గుర్తుంచుకోండి. మన వైపు రేడియేటర్‌లో కూలెంట్ తగ్గితే మంచినీళ్లు పోసేస్తారు, ఇక్కడ ఏమీ కాదు కాబట్టి. నీళ్లు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకు ఇంజన్ బ్లాకే పగిలిపోవచ్చు. కూలెంటూ నీళ్లూ సగం సగం కలిపితే మైనస్ 35 దాకా భయం లేదు. డీజిల్ కూడా అంతే. మన ఎండలకు సరిపోయే డీజిల్‌లోని మైనం లాంటి పదార్థం చలికి గడ్డలు కట్టి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. అందుకే లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల్లోనూ గడ్డకట్టని డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో ప్రత్యేకంగా తెచ్చింది. మైదానంలో నింపిన ట్యాంకుతో కొండెక్కకుండా, సగం ఖాళీ చేసుకుని వెళ్లి పైన బంకులో నింపుకోవాలి. సోలార్‌కు లిథియం బ్యాటరీ పెట్టించి ఉంటే, సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జ్ చేయకూడదు, పాడైపోతుంది.

ఇక అమ్మగారి విషయం. ఆవిడను తీసుకెళ్లండి. మనాలి దాకా.

మనాలి దాదాపు 2,050 మీటర్ల ఎత్తు. సిస్సు 3,100 దాటుతుంది. 9.02 కిలోమీటర్ల టన్నెల్ 2020 అక్టోబర్‌లో తెరిచాక, మనాలిలో టిఫిన్ చేసినవాళ్లు కాఫీ వేళకు సిస్సులో ఉంటున్నారు. బండికి అది సుఖమే. ఒంటికి మాత్రం వెయ్యి మీటర్లు గంటన్నరలో ఎక్కినట్టు. అక్కడ ఒక్కో శ్వాసలో అందే ప్రాణవాయువు మన కృష్ణ ఒడ్డున అందేదాంట్లో మూడింట రెండు వంతుల పైచిలుకు మాత్రమే. పగలు వెళ్లి రెండు గంటలు తిరిగి దిగి వచ్చేస్తే చాలామందికి ఇబ్బంది ఉండదు. ఎత్తులో ప్రాణవాయువు చాలక వచ్చే కొండజబ్బు ఎక్కువగా పట్టుకునేది అక్కడ నిద్రపోయినవాళ్లనే. 3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే పెరగకూడదని డాక్టర్లు చెప్పే లెక్క. మనాలి నుంచి నేరుగా వెళ్లి సిస్సులో పడుకుంటే ఆ ఎత్తు ఒక్క రోజులోనే వెయ్యి మీటర్లు పెరిగినట్టు. పైగా జనవరిలో అక్కడ రాత్రిళ్లు మైనస్ 10 దాటి దిగుతుంది.

కాబట్టి మనాలికి కాస్త కింద, ముందు వ్యాన్ పెట్టుకునే చోటు ఉన్న ఒక హోమ్‌స్టే చూడండి. అమ్మగారికి అందులో ఒక గది తీసుకోండి. గీజర్ ఉండాలి, మెట్లు తక్కువ ఉండాలి. మీరు ముగ్గురూ వ్యాన్‌లో పడుకోండి, బాబు ముచ్చటా తీరుతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. అందుకే బయల్దేరే నెల ముందే డాక్టర్‌కు చూపించి మందుల మోతాదు సరిచూసుకోండి. కొండజబ్బు రాకుండా వేసే డయామాక్స్ మాత్ర గురించి కూడా ఆయననే అడగండి. పక్కింటివాళ్లు వేసుకున్నారని వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇన్సులిన్ ఎండకు పాడవుతుందని మనకు తెలుసు. బెజవాడలో ఫ్రిజ్ లేనిదే గడవదు. అక్కడ అది తిరగబడుతుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు, పారేయాల్సిందే. వ్యాన్‌లో బ్యాగులో వదలకండి. పగలు అమ్మగారి లోపలి స్వెట్టర్ జేబులో ఉండాలి, రాత్రి గదిలో ఉండాలి. షుగర్ చూసే మిషన్ కూడా చలికి తప్పు చూపిస్తుంది, దాన్నీ ఒంటి వెచ్చదనంలోనే ఉంచండి.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. కొన్నేళ్ల క్రితం, మనాలి పైన సోలంగ్ వైపు ఒక యాపిల్ తోట పక్కన మావారూ నేనూ వ్యాన్‌లో పడుకున్నాం. హీటర్ పనిచేస్తుందన్నారు, రాత్రి పదింటికే ఆగిపోయింది. రెండు రజాయిలు కప్పుకున్నా వణుకు తగ్గలేదు. ఒక్క పదినిమిషాలు స్టవ్ వెలిగిద్దాం, లోపల వేడెక్కాక ఆర్పేద్దాం అనుకున్నాం. చలిగాలి రాకుండా కిటికీ సందుల్లో తువ్వాళ్లు కుక్కాం. పది నిమిషాలు కాస్తా అరగంట అయింది. ఇద్దరికీ తలనొప్పి మొదలైంది, నాకు కడుపులో తిప్పింది. ఎత్తు పడలేదేమో, పొద్దున్నకు తగ్గిపోతుందిలే అనుకుని పడుకోబోయాం. నీళ్ల సీసా అందుకుందామని లేచాను, మోకాళ్లలో సత్తువ లేదు. అప్పుడు అనుమానమొచ్చి తలుపు లాగాను. మా ఊపిరి ఆవిరి అంచుకు చేరి గడ్డకట్టడంతో తలుపు రాలేదు. భుజంతో రెండుసార్లు తోస్తే తెరుచుకుంది. కిటికీ అద్దం లోపలివైపు తెల్లగా మంచు పొర, గోటితో గీస్తే పొడిలా రాలింది. ఆ అద్దం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

అది కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, రంగు ఉండదు, దగ్గు రాదు. కొండజబ్బుకూ దానికీ మొదటి లక్షణాలు ఒకటే: తలనొప్పి, వికారం, నీరసం. అందుకే ఎత్తులో మనిషి మోసపోతాడు. వ్యాన్‌లో తలనొప్పి వస్తే ముందు తలుపు తీయండి, తర్వాత ఆలోచించండి. స్టవ్, కుంపటి, బొగ్గుల అంగీఠీ, ఏదీ లోపల వెచ్చదనం కోసం వెలిగించకూడదు. హోమ్‌స్టేవాళ్లు ప్రేమగా అంగీఠీ తెచ్చి అమ్మగారి గదిలో పెట్టినా, పడుకునే ముందు బయట పెట్టించండి. మోనాక్సైడ్ అలారం అని చిన్న డబ్బా దొరుకుతుంది. దాన్ని ఆన్‌లైన్‌లో ముందే కొని, వ్యాన్‌లో మంచం ఎత్తులో పెట్టండి. ఈ ప్రయాణానికి మీరు కొనే వస్తువుల్లో మొదటిది అదే కావాలి.

దారిలో ఇరుక్కుపోయినప్పుడు కూడా ఇదే ప్రమాదం. 2022 జనవరి 7 రాత్రి పాకిస్తాన్‌లోని మర్రీ దగ్గర మంచులో ఎన్నో కార్లు నిలిచిపోయి, 20 మందికి పైగా కార్లలోనే చనిపోయారు. కొందరు చలికి, కొందరు ఈ గ్యాస్‌కు బలయ్యారని వార్తలొచ్చాయి. మర్రీ మనాలి కంటే కాస్తే ఎత్తు. వాళ్లు మంచు చూడ్డానికి వెళ్లినవాళ్లే. సైలెన్సర్ మంచులో కూరుకుపోతే, ఆన్‌లో ఉన్న ఇంజన్ పొగ బండి కిందే తిరిగి లోపలికి వస్తుంది. ఇరుక్కుంటే ముందు పారతో సైలెన్సర్ చుట్టూ తవ్వాలి, తర్వాతే ఇంజన్ ఆన్ చేయాలి. అదీ గంటకు పది నిమిషాలు, ఒక కిటికీ వేలెడు తీసి ఉంచి. ఒక పార, రెండు రజాయిలు, ఒకరోజు తిండి, నీళ్లు బండిలో ఎప్పుడూ ఉండాలి.

మనాలి పైన డ్రైవింగ్ మీరు చేయొద్దు. మంచు పడిన రోజుల్లో పోలీసులు చాలాసార్లు చక్రాలకు గొలుసులు కట్టిన ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే) బండ్లనే పైకి వదులుతారు. వ్యాన్ హోమ్‌స్టే దగ్గర ఉంచేసి, అక్కడి డ్రైవర్ జీపులోనే వెళ్లండి. మంచు తెల్లగా ఉన్నచోట మీరే జాగ్రత్తపడతారు, కానీ నల్లటి తారు మీద కంటికి కనబడని గాజు పొరలా గడ్డకట్టిన చోట బ్రేకు వేసినా బండి మన మాట వినదు. నీడ పడే మలుపుల్లో మధ్యాహ్నం దాకా ఆ పొర అలాగే ఉంటుంది. అక్కడివాళ్లకు ఏ మలుపు ఎప్పుడు కరుగుతుందో తెలుసు. రాత్రి వ్యాన్ ఆపేటప్పుడు హ్యాండ్ బ్రేకు వేయకండి, గడ్డకట్టి పట్టేస్తుంది. గేరులో పెట్టి చక్రాల కింద రాళ్లు పెట్టండి.

మీరు రాసిన స్నోషూల దగ్గర ఒక చిక్కు ఉంది. మనాలి నుంచి సోలంగ్ వెళ్లే దారిపొడుగునా కోట్లు, బూట్లు అద్దెకిచ్చే దుకాణాలుంటాయి. అక్కడ స్నో షూస్ అని అడిగితే మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు ఇస్తారు. మీరనుకుంటున్నవి అవి కావు. బూటు కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు స్నోషూలంటే, కాళ్లకు రెండు చాటలు కట్టుకున్నట్టుంటాయి. అవి ప్రతి దుకాణంలోనూ ఉండవు. చలికాలపు ట్రెక్కులు నడిపే స్థానిక గైడ్ల దగ్గర ఉంటాయి కాబట్టి ఫోన్ చేసి, మనిషికి ఎన్ని కిలోల బరువో చెప్పి ముందే మాట్లాడుకోండి. చాట పొడవు మనిషి ఎత్తును బట్టి కాదు, భుజాన సంచితో కలిపి బరువును బట్టి ఉంటుంది. 80 కిలోల లోపు వారికి 25 అంగుళాలవి సరిపోతాయి, ఇంకా బరువుంటే 30 అంగుళాలవి. బాబుకు పిల్లలవి వేరే ఉంటాయి, అవి లేవంటే వాడికి బూట్లే మేలు. పెద్దవాళ్లవి కట్టుకుని పిల్లలు పదే పదే పడిపోతారు.

స్నోషూలు కట్టుకుని మొదటిసారి నిలబడినప్పుడు భలే ఉంటుంది. అంతకుముందు అడుగు వేసినచోటల్లా తొడ దాకా దిగబడి, కాలు పైకి లాగడానికే ఆయాసం వస్తుంది. చాటలు కట్టుకున్నాక అదే మంచు నాలుగు వేళ్లు మాత్రం కుంగి, కిందనుంచి కరకరమని చప్పుడు చేసి ఆగుతుంది. బొటనవేలి కింద ఇనుప పళ్లుంటాయి, ఎక్కేటప్పుడు అవి మంచును కరిచిపట్టుకుంటాయి. మడమ మాత్రం కట్టి ఉండదు, అడుగు ఎత్తినప్పుడు చాట తోక కిందనే ఈడ్చుకొస్తుంది. అందుకే వెనక్కి అడుగు వేయకూడదు, తోక గుచ్చుకుని వెల్లకిలా పడతారు. తిరగాలంటే ఎడ్లబండి తిప్పినట్టు చుట్టు తిరిగి రావాలి. కాళ్లు మామూలు కంటే కాస్త ఎడంగా వేయాలి. చేతికర్రల అడుగున గుండ్రటి బిళ్ల ఉండేలా చూసుకోండి, లేకపోతే కర్ర మొత్తం మంచులోకి దిగిపోతుంది.

మొదటి రోజు మొత్తం మీద మూడు కిలోమీటర్లు చాలు. మామూలు రోడ్డు మీద అరగంట నడక అక్కడ రెండు గంటలు పడుతుంది, తొడల పైభాగం బాగా నొప్పెడుతుంది. ఆ కండరాలను ఇక్కడే సిద్ధం చేసుకోవచ్చు. నెల ముందు నుంచి వారానికి రెండుసార్లు గుణదల కొండ మెట్లో, మంగళగిరి పానకాల స్వామి మెట్లో భుజాన ఐదు కిలోల సంచితో ఎక్కండి. ఆదివారం కొండవీడు వెళ్లి కోటంతా తిరిగి రండి. మాకు బాగా పనికొచ్చింది కొండవీడే, ఎగుడుదిగుడు రాళ్ల మీద మడమలు నిలదొక్కుకోవడం అక్కడే అలవాటైంది.

నడకకు సిస్సు కంటే సేథన్ నాకు నచ్చింది. మనాలి దగ్గర ప్రీణి నుంచి పైకి మలుపులు తిరుగుతూ వెళితే, దాదాపు 2,700 మీటర్ల ఎత్తులో ఉన్న చిన్న ఊరు. జీపులో వెళ్లి, ఊరి చుట్టుపక్కల వాలు తక్కువున్న చోట గైడ్‌తో నడిచి, సాయంత్రానికి కిందకు దిగిపోవచ్చు. జనం తక్కువ. గాలి ఆగినప్పుడు దేవదారు కొమ్మ మీది మంచు జారి కింద పడే చప్పుడు కూడా వినిపిస్తుంది.

గైడ్ లేకుండా మాత్రం వద్దు. ఆ మాట మొహమాటంగా చెప్పలేను. మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. చూడటానికి అది పెద్ద వాలులా ఉండదు, పిల్లలు జారుడుబండ ఆడుకోవడానికి సరిగ్గా సరిపోయేలా ఉంటుంది. మనం ఆ వాలు ఎక్కనక్కర్లేదు, దాని పాదం దగ్గర సాపుగా ఉన్నచోట నిలబడినా విరిగిన చరియ అక్కడికే వస్తుంది. కొత్తగా బాగా మంచు పడిన మొదటి రోజు, రెండో రోజు అన్నింటికంటే ప్రమాదం. ఫొటోలు అందంగా వచ్చేదీ ఆ రోజుల్లోనే. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో గాంగ్‌టక్ నుంచి నాథులా వెళ్లే దారిలో చరియ పడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. వాళ్లు పర్వతారోహకులు కారు, మీలా నాలా మంచు చూడటానికి వచ్చినవాళ్లు. చరియ కింద కూరుకున్న మనిషిని పావుగంట లోపు తీస్తేనే బతికే ఆశ ఎక్కువ. బయటి నుంచి సాయం వచ్చే దాకా ఆ టైమ్ ఆగదు.

డీఆర్‌డీఓ కింద పనిచేసే డీజీఆర్ఈ అనే సంస్థ జిల్లాలవారీగా మంచు చరియల హెచ్చరికలు ఇస్తుంది. మనాలి ఉన్న కులూ, సిస్సు ఉన్న లాహౌల్-స్పితి జిల్లాల పేర్లు అందులో చూసుకోండి. హెచ్చరిక ఉందంటే ఆ రోజు నడక లేదు. మంచు పడిన మర్నాడు కూడా లేదు. అందుకే మొదట్లో ఖాళీ రోజుల గురించి అంత గట్టిగా చెప్పాను. జనవరి 11 సాయంత్రానికి మనాలి చేరితే 17 దాకా మీ చేతిలో ఆరు రోజులుంటాయి. అందులో రెండు రోజులే నడక అనుకోండి. మిగతా నాలుగు రోజులూ ఆగడానికి. మంచు పడుతుంటే వ్యాన్‌లో కూర్చుని టీ తాగుతూ చూడొచ్చు. వ్యాన్ ఉన్నందుకు లాభం అదే, హోటల్ బుకింగ్ పోతుందన్న టెన్షన్ లేకుండా ఆగగలగడం.

బట్టల గురించి ఒక్కటే చెబుతాను. కాటన్ బనీను, జీన్స్ ప్యాంటు వద్దు. నడిస్తే చెమట పడుతుంది, కాటన్ ఆ తడిని ఒంటికి పట్టి ఉంచుతుంది, ఆగగానే వణుకు. ఉన్ని లేదా డ్రైఫిట్ రకం లోపల, మధ్యలో స్వెట్టర్, పైన గాలి ఆపే జాకెట్. అమ్మగారి మంకీ క్యాప్‌ను ఎవరూ నవ్వొద్దు, అంతకంటే మంచి వస్తువు లేదు. నల్లద్దాలు అందరికీ ఉండాలి. తాజా మంచు ఎండను అద్దంలా కళ్లలోకి కొడుతుంది, సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టవుతుంది.

సంక్రాంతి రోజుల్లో వెళుతున్నారు కాబట్టి ఇంకో సంగతి. మనాలి పైన గోశాల్, ఆ చుట్టుపక్కల ఊళ్లలో మకర సంక్రాంతి నుంచి 42 రోజులు మౌనం పాటిస్తారు. గౌతమ మహర్షి, వ్యాస మహర్షి, కాంచన నాగ దేవత ఆ రోజుల్లో స్వర్గానికి వెళతారని, వాళ్లకు భంగం కలగకూడదని టీవీలు, రేడియోలు ఆపేస్తారు, పొలం పనులు కూడా చేయరు. సోలంగ్, పల్చాన్, కోఠీ ఆ ఊళ్ల లెక్కలోవే. మనకు పండగ సందడి మొదలయ్యే రోజునే అక్కడ సద్దు మణుగుతుంది. జీపులో పాటలు పెట్టుకుని ఆ ఊళ్ల గుండా వెళ్లకండి. లాహౌల్ వైపు కూడా కొన్ని పంచాయతీలు పూజల రోజుల్లో పర్యాటకులను రావద్దంటాయి. సిస్సుకు బయల్దేరే ముందు హోమ్‌స్టేవాళ్లను అడగండి. అమ్మగారికి భోగిమంట లోటని బాధ ఉంటే, జనవరి 13న పంజాబీలు, హిమాచల్‌వాళ్లు లోహ్రీ మంట వేస్తారు. నువ్వులు, బెల్లం అందులో వేస్తారు. ఇంట్లోంచి నాలుగు పిడకలు తీసుకెళ్లి వాళ్లనడిగి అందులో వేయమనండి. మా అత్తగారు ఒక ఏడు అలాగే వేశారు. ఆ ఇంటి ముసలావిడ, ఈవిడ భాష ఆవిడకు రాదు, ఆవిడ భాష ఈవిడకు రాదు, ఇద్దరూ మంట పక్కన గంటసేపు చేతులు పట్టుకుని కూర్చున్నారు.

ఇక ఉత్తరం అడుగున రాసిన మీకు, అమ్మా. మీరడిగినవే అసలైన ప్రశ్నలు.

వంట కుక్కర్‌లోనే. మనాలి ఎత్తులో నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉంచినా పలుకే. పప్పు వేడినీళ్లలో గంట నానబెట్టి, ఇక్కడికంటే రెండు మూడు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. వంటచేసేటప్పుడు తలుపు జానెడు తీసి, పైన ఫ్యాన్ ఉంటే వేయండి. చిన్న క్యాంపింగ్ స్టవ్‌లకు వచ్చే బ్యూటేన్ డబ్బాలు సున్నా డిగ్రీల దగ్గర మంట ఇవ్వవు, వాటిని నమ్ముకోవద్దు. రైల్లో గ్యాస్ సిలిండర్ ఏదీ తీసుకెళ్లకూడదు, అక్కడే ఏర్పాటు చేయించుకోండి. కందిపొడి, ఉప్మా రవ్వ, రాగి పిండి, వేయించిన అటుకులు తీసుకెళితే సగం రోజులు గడిచిపోతాయి. పప్పునూనె పోసిన ఆవకాయ అక్కడ బాగానే ఉంటుంది, వేరుశనగ నూనె మాత్రం చలికి పేరుకుంటుంది. తాగేనీళ్లు ట్యాంకులో వద్దు, గొట్టాలు గడ్డకడతాయి. ఇరవై లీటర్ల డబ్బా మంచం పక్కన పెట్టుకోండి, రాత్రికి ఫ్లాస్కు నింపుకోండి.

బాత్రూం కోసమే నేను హోమ్‌స్టే గది అంత గట్టిగా చెప్పాను. స్నానం, పొద్దుటి పనులు అక్కడే. రాత్రి వ్యాన్‌లో ఉన్నప్పుడు మైనస్‌లో బయటికి దిగాల్సిన అవసరం మీకు రాకూడదు. మూతపడే పోర్టబుల్ టాయిలెట్ ఒకటి అద్దె వ్యాన్‌లో ఉండేలా ముందే మాట్లాడుకోండి. దాని చుట్టూ కట్టడానికి ఒక కర్టెన్, నాలుగు క్లిప్పులు మీరు ఇంటినుంచే తీసుకెళ్లండి, అవి ఏ వ్యాన్‌లోనూ ఉండవు. దాన్ని ఎక్కడ ఖాళీ చేయాలో హోమ్‌స్టేవాళ్లను మొదటి రోజే అడిగి పెట్టుకోండి, వాగుల్లో మాత్రం వద్దు. కింద ఊళ్లన్నీ ఆ నీళ్లే తాగుతాయి. చలికి దాహం వేయదు, పైగా రాత్రి లేవాల్సి వస్తుందని ఆడవాళ్లం నీళ్లు మానేస్తాం. అక్కడ ఆ పని చేయకండి, తలనొప్పి అక్కడినుంచే మొదలవుతుంది. కర్టెన్ సరిగ్గా కట్టుకుంటే నీళ్లు తాగడానికి భయపడక్కర్లేదు.